జబ్బు చేసింది చెయ్యికి కాదు

ఇదంతా ఎడమ చేత్తో రాశాను. నెల పట్టింది. మా అబ్బాయి చరణ్ టైపు చేసి పెట్టాడు. తన గురించి ఉన్న చోట ఒకటి రెండు వాక్యాలు మెత్తగా మార్చబోయాడు, నేను ఒప్పుకోలేదు. మా ఆయన తన గురించి రాసినవి చదివి, మార్చమని అడగలేదు. మా బావగారికి ఇంకా చూపించలేదు. చూస్తే చూస్తారు.

నేను జమ్మలమడుగులో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్తాను. ఇప్పటికీ చెప్తాను. ఆ ‘ఇప్పటికీ’ కోసమే ఈ గొడవంతా.

ఇరవై రెండేళ్ళుగా పదో తరగతికి మెదడు పాఠం ఒకే రకంగా చెప్పాను. పిల్లల్ని నిలబెట్టి, రెండు పిడికిళ్ళూ బిగించి ఒకదాని పక్కన ఒకటి చేర్చమంటాను. మీ మెదడు సుమారు ఇంతే, ఇది కుడి అర్ధభాగం, ఇది ఎడమ అర్ధభాగం అంటాను. తర్వాత స్టీలు డబ్బా మూత తీస్తాను. అందులో గొర్రె మెదడు ఉంటుంది. మాంసం కొట్టు ఖాజా భాయ్ ఏటా ఆ ఒక్కరోజు చిదిమిపోకుండా జాగ్రత్తగా తీసి ఇస్తాడు. పైన దున్నిన చేనులా గట్లూ చాళ్ళూ కనబడేది మస్తిష్కం, ఆలోచనా మాటా జ్ఞాపకమూ దానివి. వెనక కింద చిన్న ముద్దలా ఉన్నది అనుమస్తిష్కం, అది మనల్ని తూలిపోకుండా నిలబెడుతుంది. అడుగున కాడలా ఉన్నది మజ్జాముఖం, మనం నిద్రపోయినా ఊపిరినీ గుండెనూ నడిపిస్తుంది. చివర్లో ఒక మార్కు ప్రశ్న అడుగుతాను. కుడి చెయ్యి పడిపోతే మెదడులో దెబ్బ తగిలింది ఏ పక్క? సగం తరగతి కుడి అంటుంది. జవాబు ఎడమ. నరాలు మజ్జాముఖం దగ్గర అటువి ఇటూ ఇటువి అటూ దాటుకుని కిందికి దిగుతాయి. తప్పు రాసినవాళ్ళకు ఇరవై రెండేళ్ళూ ఆ మార్కు జాలి లేకుండా కోశాను.

మొదటి రోజు

సోమవారం పొద్దున అద్దం ముందు నిలబడి జడ వేసుకుంటున్నాను. దువ్వెన కింద పడింది. వంగి తీసుకున్నాను, మళ్ళీ పడింది. మూడోసారి పడ్డప్పుడు అద్దంలో చూస్తే నోరు ఒక పక్కకు లాక్కుపోయి ఉంది. కుడి చెయ్యి ఎవరిదో తెచ్చి తగిలించినట్టు వేలాడుతోంది. మా ఆయన్ని పిలుద్దామని నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు.

ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. నాకు బీపీ ఉంది. మాత్ర వేసుకుంటే క్లాసులో తల తిరుగుతోందని మూడు నెలలుగా మానేశాను. డాక్టర్ని అడగలేదు. సైన్సు టీచర్ని, నాకు తెలియనిదేముంది అనుకున్నాను. అందరి తప్పులూ చెప్పబోతున్నాను కాబట్టి నాది ముందు చెప్తున్నాను.

మా ఆయన చూసి బెదిరిపోయి పులివెందులలో ఉన్న వాళ్ళన్నకు ఫోను చేశాడు. మా అత్తగారింట్లో చీనీ తోటకు బోరు వేయాలన్నా, పెళ్ళి కుదరాలన్నా, పిల్లలకు దగ్గొచ్చినా ముందు ఫోను పోయేది బావకే. బావ గొంతు గదంతా వినబడింది.

"అది పక్షవాతంరా. ఆస్పత్రోళ్ళకు అయ్యేది కాదు. ముద్దనూరు దాటినాక మన దారిలో ఒకాయప్ప ఉండాడు, పావురం రక్తం పూస్తాడు. శానామందికి బాగైంది. బిరీన తీస్కరా, నేను ఎదురొస్తా."

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు అరగంట. ఆస్పత్రులన్నీ అక్కడే. మా కారు పులివెందుల దారి పట్టింది.

కారు మలుపు తిరిగినప్పుడే నాకు అర్థమైంది. నా ఎడమ చెయ్యి బాగానే ఉంది. ఆ చేత్తో తలకు ఎడమ పక్కన కొట్టుకున్నాను. ఇక్కడ, ఇక్కడ అని. పక్కన కూర్చున్న చరణ్, అమ్మకు తల నొప్పిగా ఉండాదేమో నాయనా అన్నాడు. దారిలో కారు ఆపి నొప్పి మందు కొని నుదుటికి రాశారు. నేను ఇంకా గట్టిగా కొట్టుకున్నాను. ఇంకాస్త రాశారు.

ఆ పావురం వైద్యుడి ఊరికి బావ కూడా ఎదురొచ్చాడు. అక్కడ మాకంటే ముందు ఇద్దరున్నారు. వరసలో కూర్చోబెట్టారు. పావురం రక్తానికి కూడా వెయిటింగ్ ఉంటుందని నాకు ఆరోజే తెలిసింది. ఆ మనిషి చెడ్డవాడేమీ కాదు. భయపడొద్దు తల్లీ అని భుజం తట్టాడు. అప్పుడే తీసిన రక్తం భుజం నుంచి వేళ్ళదాకా పూసి, కిందికి పైకి రుద్దాడు. ఆరోజు నాకంటే ఆ పావురానికే ఎక్కువ అన్యాయం జరిగింది.

మా ఆయన, బావ, చరణ్, ఆ వైద్యుడు, నలుగురూ నా కుడి చెయ్యి పట్టుకుని ఉన్నారు. చెయ్యికి ఏమీ కాలేదు. ఎముక, కండ, రక్తం అన్నీ బాగున్నాయి. జబ్బు చేసింది తలకు, అదీ ఎడమ పక్కన. ఈ జిల్లాలో ఆ సంగతి పిల్లలకు చెప్పి జీతం తీసుకునే మనిషిని నేను, అక్కడే కూర్చుని ఉన్నాను, నోరు లేదు. చరణ్‌కు పదో తరగతిలో పదికి పది పాయింట్లు వచ్చాయి. ఆ ఒక మార్కు కూడా వచ్చే ఉంటుంది.

మమ్మల్ని అక్కడినుంచి కదిలించింది లెక్కల టీచరు పద్మావతి. చెప్పకుండా నేను ఏనాడూ బడి మానలేదు. మొదటి పీరియడు అయిపోయినా రాకపోయేసరికి అప్పటినుంచీ ఫోను చేస్తూనే ఉందట. ఆ ఊళ్ళో సిగ్నల్ దొరికి మా ఆయన ఫోను ఎత్తేసరికి పొద్దెక్కింది. సంగతి విని ఆమె అరవలేదు, ఏడవలేదు. క్లాసులో లెక్క చెప్పినట్టు చెప్పింది.

"అన్నా, ఆమెను కార్లో పండబెట్టు. నేరుగా ప్రొద్దుటూరికి పో. మధ్యలో యాడా దిగొద్దు, ఎవురి మాటా వినొద్దు."

మందు పట్టాలంటే మూడు పూటలు రుద్దాలని బావ అంటూనే ఉన్నాడు. మా ఆయన మొదటిసారి అన్నకు జవాబు చెప్పకుండా కారు తాళాలు తీసుకున్నాడు.

ప్రొద్దుటూరులో ఆస్పత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది ఒకటే, ఎన్ని గంటలకు మొదలైందని. మా ఆయన ఏడున్నర అన్నాడు. ఆమె గోడ గడియారం వైపు చూసింది. రక్తం గడ్డను కరిగించే సూది మందు ఉంటుందనీ, దాన్ని తొలి గంటల్లోనే ఇవ్వాలనీ, ఆ సమయం దాటిపోయిందనీ చెప్పింది. తర్వాత నా చెయ్యి చూసి, ఈ గాయం ఏమిటని అడిగింది. గాయం కాదని చెప్పడానికి మా ఆయనకు చాలాసేపు పట్టింది. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు కొంచెం తేలికయ్యేది.

ఒక ఆయా తడిగుడ్డతో ఎండిపోయిన రక్తాన్ని తుడిచింది. వేలికీ వేలికీ మధ్య, గోళ్ళ కింద, తొందర లేకుండా. స్పర్శ తెలియని చెయ్యిని కూడా నొప్పి పుడుతుందేమో అన్నట్టు పట్టుకుంది. ఆమె పేరు అడగడానికి నాకు నోరు లేకపోయింది. తర్వాత వెళ్ళి వెతికితే పని మానేసిందన్నారు.

ఇది చదివేవాళ్ళకు ఒక్క మాట చెప్తాను, ఎవరికి కోపం వచ్చినా సరే. ఇంట్లో మనిషికి ఉన్నట్టుండి నోరు వంకరపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి పడిపోయినా, ఆ చెయ్యి పట్టుకుని కూర్చోకండి. పసరు, పావురం, తాయెత్తు, పెద్దవాళ్ళ సలహా, అన్నీ తర్వాత. మెదడు ఫొటో తీసే ఆస్పత్రి ఎక్కడుందో ఈరోజే కనుక్కుని పెట్టుకోండి.

ఆస్పత్రిలో తొమ్మిది రోజులు

మంచం మీద పడుకుని చేయగలిగిన పని ఒకటే మిగిలింది. సెలవుల తర్వాత బడి తెరిచి గదులు చూసుకున్నట్టు నా మెదడంతా ఒకసారి చూసుకున్నాను. ఊపిరి ఆడుతోంది, గుండె కొట్టుకుంటోంది, నీళ్ళు పొలమారకుండా దిగుతున్నాయి. అంటే మజ్జాముఖానికి ఏమీ కాలేదు. ఎడమ చేత్తో ముక్కు ముట్టుకుని తర్వాత డాక్టరమ్మ వేలు ముట్టుకోమంటే గురి తప్పలేదు. అనుమస్తిష్కం తన పని చేస్తోంది. చూపు తల వెనక భాగానిది, అదీ ఉంది, పై ఫ్యాను రెక్కకు పట్టిన బూజు కూడా కనబడుతోంది. పాఠాలు అధ్యాయాల వరసలో గుర్తున్నాయి. పోయింది ఒక్క గదే. ఎడమ కణతకు కాస్త పైన, మాట తయారయ్యే చోటు, దాని వెనకే కుడి చెయ్యినీ కాలినీ కదిలించే పట్టీ. ఉసిరికాయంత మేర దెబ్బతిన్నదని డాక్టరమ్మ మా ఆయనకు చెప్పింది. నాకు చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను.

మాట పుట్టే చోటు వేరు, మాట అర్థమయ్యే చోటు వేరు. ఈ చిన్న సంగతి తెలియక చూడ్డానికి వచ్చిన బంధువులు నా ముందే నా గురించి మాట్లాడుకున్నారు. ఏమీ తెలియడంలేదు పాపం అన్నారు. ఇంక బడి కథ ముగిసినట్టే అన్నారు. వంట చేసే దిక్కుండదు కాబట్టి చరణ్‌కు తొందరగా పెళ్ళి చేయాలన్నారు. ఒకామె నా మంచం మీదే కూర్చుని ఏ ఊరి సంబంధమో కూడా చెప్పింది. అన్నీ విన్నాను. ఎవరెవరు ఏమన్నారో ఇప్పటికీ చెప్పగలను, అందుకే వాళ్ళు ఈమధ్య మా ఇంటికి రావడం తగ్గించారు.

నాలుగో రోజు బావ వచ్చాడు. మా అత్తగారింట్లో కోడళ్ళు బావ ముందు కూర్చోరు. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో ఆయన ఉన్న గదిలో నేను కుర్చీ ఎక్కలేదు. బడిలో నలభై మందిని లేవమనీ కూర్చోమనీ ఆడించేదాన్ని, పులివెందులలో గుమ్మం పక్కన నిలబడేదాన్ని. ఆయన మంచం దగ్గరికి వచ్చి ఎట్లుండావమ్మా అని అడిగాడు. బాగున్నాను బావా అనబోయాను.

"కూచో" అన్నాను.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. బావ నన్ను చూశాడు, మా ఆయన్ని చూశాడు, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చరణ్ నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక, ఏడుస్తూ బయటికి పోయాడు.

బాగా అరిగిన మాటలు ఒక్కోసారి ఇట్లా మిగిలిపోతాయని డాక్టరమ్మ చెప్పింది. కొందరికి దేవుడి పేరు మిగులుతుంది, కొందరికి తిట్లు. ఇరవై రెండేళ్ళు బడి నాకు మిగిల్చింది ఇది. దాహమేసినా కూచో, నొప్పి పుట్టినా కూచో, వెలుతురు ఎక్కువైంది కిటికీ మూయండి అనడానికీ కూచో. డాక్టరమ్మకు కూడా అదే చెప్పాను. ఆమె కూర్చుంది, అందుకు ఆమెను మర్చిపోను.

మూడో నెల

ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్ళంతా గిన్నెల్లో తలకాయ కూర తెచ్చారు. మెదడుకు దెబ్బ తగిలితే మెదడు తినాలట. ఖాజా భాయ్ కూడా పొట్లం పట్టుకుని వచ్చాడు. గడప దగ్గరే నిలబడి, "ఏటేటా పిల్లోళ్ళకు చూపిచ్చనీకి తీస్కపోతాంటిరి మేడం, ఈసారి మీరు తినండి" అన్నాడు. తిన్నాను. దానివల్ల మాట రాలేదు, కూర మాత్రం బాగుంది.

ఒక గురువారం బావ కాగితాలూ సిరా డబ్బీ పట్టుకుని వచ్చాడు. ప్రభుత్వ ఉద్యోగి జబ్బుపడి ఇక పనికి రాడని డాక్టర్ల బోర్డు తేల్చి ఇంటికి పంపేస్తే, ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగం అడగడానికి వీలుంది. నాకు రిటైర్మెంటుకు ఇంకా తొమ్మిదేళ్ళుంది. చరణ్ డిగ్రీ అయిపోయి నాలుగేళ్ళుగా ప్రొద్దుటూరులో కోచింగుకు పోతున్నాడు. రెండుసార్లు దగ్గరిదాకా వచ్చి తప్పిపోయింది.

"అమ్మా సరళా, నీకు తెలీనిది కాదు" అన్నాడు బావ. "నువ్వింక బడికి పోయేది యాడ? పిల్లోని బతుకన్నా నిలబడ్తాది. ఈడ వేలిముద్ర వేస్తే చాలు, మిగతాదంతా నేను చూస్కుంటా."

ఆయన మాటల్లో దుర్మార్గం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఒక్క క్షణం వేసేద్దామనుకున్నాను. కన్నకొడుకు బతుక్కి అడ్డం పడే తల్లి ఉంటుందా అని నాలో ఒకరు అడిగారు. గోడకు ఆనుకుని చరణ్ నిలబడి ఉన్నాడు, నా వైపు చూడటం లేదు. అప్పుడు ఆ కాగితం చదివాను. చదవడం నాకు పోలేదు, నెమ్మదించింది అంతే. బోధనకు శాశ్వతంగా పనికిరాను అని నేనే ఒప్పుకుంటున్నట్టు అందులో ఉంది. దాని కింద వేలిముద్ర. అరవై దాటిన మా అత్తకు సంతకం పెట్టడం నేర్పింది నేను.

బావ నా ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలు లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్ళూ దాని మీద బిగించాను. ఆయన మొదట మెల్లగా, పసిపిల్ల గుప్పిట తెరిచినట్టు తెరవబోయాడు.

"కూచో" అన్నాను.

కాదమ్మా, చెప్పేది విను, అన్నాడు. మళ్ళీ కూచో అన్నాను. ఆయన చెయ్యి వదల్లేదు. నేను ఎడమ కాలి మీద బరువేసి, కుర్చీ చేతిని మోచేత్తో నొక్కి, లేచి నిలబడ్డాను. ఆస్పత్రి నుంచి వచ్చాక ఎవరూ పట్టుకోకుండా లేవడం అదే మొదలు. మూడోసారి అన్నాను. బావ కూర్చున్నాడు.

ఆయన కూర్చోవడం, నేను నిలబడటం, ఆ ఇంట్లో ఇరవై ఏడేళ్ళుగా జరుగుతున్నదే. కానీ ఆ పూట అది వేరేగా ఉందని అందరికీ తెలిసింది. మా ఆయన వచ్చి సిరా డబ్బీ మూత పెట్టాడు. వాళ్ళన్న వైపు తిరిగాడు.

"వద్దులే న్నా. ఆ పొద్దు నీ మాట ఇని ఆడికి తీస్కపోతి. తల కొట్టుకుంటాంటే నాకు అర్థం కాల్యా. ఇప్పుడు చెయ్యి మూసింది. ఇది అర్థమైతాంది."

బావ టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. చరణ్ గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. వారం రోజులు నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. మాట్లాడని కొడుకు, మాట రాని తల్లి, మధ్యలో మా ఆయన. ఆ వారం ఆయన ఇంటికంటే వీధిలోనే ఎక్కువ ఉన్నాడు.

ఆరో నెల దాకా

వారానికి మూడు రోజులు ప్రొద్దుటూరులో ఫిజియోథెరపీ. అవసరానికి మించి మాట్లాడకపోయినా చరణే బస్సులో తీసుకుపోయేవాడు. ఎక్కేటప్పుడు చెయ్యి ఇచ్చేవాడు, ఎక్కాక కిటికీలోంచి బయటికి చూసేవాడు. అక్కడి బెంచీ మీద నా పక్కన రోజూ ఓబులేసు అని నగల పని చేసే ఆయన కూర్చునేవాడు. ఆయనకూ నాలాగే కుడి చెయ్యి పోయింది, మాట మాత్రం ఉంది. ఒకప్పుడు ఆవగింజంత బంగారు పూసను పట్టుకున్న వేళ్ళతో ఇప్పుడు శనగగింజ తీసి పక్క గిన్నెలో వేయడం నేర్చుకుంటున్నాడు. గింజ జారినప్పుడల్లా నా వైపు చూసి, దొంగముండది, అని నవ్వేవాడు. నా గింజ జారినప్పుడు తల తిప్పుకునేవాడు. అంతకంటే మర్యాద నాకు ఎవరూ చేయలేదు.

ఒకరోజు గిన్నె మొత్తం ఒలికిపోయింది. కోపం పట్టలేక ఎడమ చేత్తో నా కుడి చెయ్యిని కొట్టాను, మళ్ళీ మళ్ళీ కొట్టాను. ఫిజియోథెరపిస్టు రేష్మా మా అబ్బాయి వయసు పిల్ల, మొహమాటం లేనిది. వచ్చి నా చెయ్యి ఆపింది.

"దాన్ని యాల కొడ్తాండారు మేడం? దాని తప్పేముంది? మనం చెయ్యికి నేర్పడంల్యా. తలకు నేర్పుతాండాం."

మొదటి రోజు పొద్దున నుంచి నేను చెప్పలేక కొట్టుకుంటున్న మాట అదే. ఆరు నెలలకు ఒక మనిషి దాన్ని పైకి అన్నది. అందరి ముందూ ఏడ్చాను, సిగ్గుపడలేదు.

పాడైన చోటు మళ్ళీ మొలవదనీ, దాని చుట్టుపక్కలవి ఆ పని నేర్చుకుంటాయనీ రేష్మా చెప్పింది. మా పుట్టిల్లు కొండాపురం దగ్గర. గండికోట నీళ్ళు వచ్చి పాత దారి మునిగిపోయాక బస్సులు ఆగిపోలేదు, చుట్టూ తిరిగి కొత్త దారిన పోతున్నాయి. ఆలస్యమవుతుంది, అయినా చేరతాయి. ఆ తర్వాత గింజ జారినప్పుడు బస్సు చుట్టు తిరుగుతోందిలే అనుకునేదాన్ని.

మాట కోసం కూడా ఒక పద్ధతి ఉంది. రోగికి బాగా తెలిసిన పాఠం ఎవరైనా పైకి చదువుతుంటే, రోగి కూడా గొంతు కలపాలి. రేష్మా చెప్పగా చరణ్ నా పదో తరగతి పుస్తకం తెచ్చాడు. ఆ బెంచీ మీద కూర్చుని మెదడు పాఠం చదివాడు. ఆ కాగితాల గురువారం తర్వాత మూడు నెలల్లో వాడు నా ముందు అంతసేపు గొంతు విప్పింది అదే. నేను వెనక మూలుగుతూ గొంతు కలిపాను. ఎడమ అర్ధభాగం శరీరంలో కుడి పక్కను అదుపు చేస్తుందని ఉన్నచోట ఆగిపోయాడు. పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"మా, ఆ పొద్దు కార్లో నువ్వు తల కొట్టుకునింది దీనికేనా?"

తల ఊపాను.

"నేను నొప్పి మందు రాస్తి." పుస్తకంలో వేలు పెట్టి మూశాడు. "ఇంకోటి చెప్పాల మా. ఆ కాగితాలు పెదనాయన సొంతంగా తెచ్చింది కాదు. నేనే అడగమన్న."

ఓబులేసు చటుక్కున లేచి, ఏదో మర్చిపోయినట్టు లోపలికి పోయాడు. నాకు గొంతుదాకా కోపం వచ్చింది. నేను బతికుండగానే నన్ను పనికిరానిదాన్ని చేసింది కన్నకొడుకు. దాని కిందే ఇంకోటి ఉంది. నాలుగేళ్ళు బస్సుల్లో తిరిగి, రెండుసార్లు దగ్గరిదాకా వచ్చి తప్పిపోయి, ఊళ్ళో ఎదురుపడ్డ ప్రతివాడికీ జవాబు చెప్పుకున్నవాడు. ఇవన్నీ చెప్పాలి, నోట్లో ఉన్నది ఒక్క మాట.

"కూచో" అన్నాను. కూర్చునే ఉన్నాడు. ఇంకోమాట కోసం లోపల వెతికాను. దవడ వంకరపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చరణ్ ఆపబోయాడు, చెయ్యెత్తి ఆగమన్నాను. కూడబలుక్కుని, ముక్కలు ముక్కలుగా అన్నాను.

"చ... దువు."

ఆరు నెలల్లో నేను సొంతంగా తయారుచేసుకున్న మొదటి మాట అది. వాడు ముఖం తుడుచుకుని, ఆగిపోయిన వాక్యం దగ్గర మొదలుపెట్టాడు. తర్వాతి వారం నుంచి నా పుస్తకంతోపాటు తన పుస్తకాలూ సంచిలో పెట్టుకుని రావడం మొదలుపెట్టాడు. ఇంకా ఉద్యోగం రాలేదు. మళ్ళీ పరీక్ష రాస్తున్నాడు. నా మీద కోపం వాడికి పూర్తిగా పోయిందని నేననుకోను. నాకూ పోలేదు. ఒకే ఇంట్లో ఉండి అన్నం తినడానికి అది అడ్డం కాదని తెలిసింది.

పదకొండో నెల

మళ్ళీ విధుల్లో చేరాలంటే ఆరోగ్యం బాగుందని డాక్టరు రాసివ్వాలి. ఆ పెద్దాయన నన్ను నడవమన్నాడు, నడిచాను, కాలు ఈడుస్తూనే. పేరు రాయమన్నాడు, ఎడమ చేత్తో రాశాను. ఎడమ చేత్తో పాఠం ఎట్లా చెప్తారని అడిగాడు. నోటితో, అన్నాను. ఆయన సంతకం పెట్టాడు.

ఇప్పటికీ నాకు మాట నెమ్మదిగా వస్తుంది. కొన్ని పేర్లు అవసరమైనప్పుడు దొరకవు, వంటింట్లో నిలబడి గరిటె అనే మాట కోసం వెతుక్కున్న రోజులున్నాయి. పాపం సరళమ్మ అనేవాళ్ళ వైపు చూడటం మానేశాను. బీపీ మాత్ర మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు.

ప్రధానోపాధ్యాయుడు కొన్నాళ్ళు ఆరో తరగతి చూసుకోమన్నాడు. పదో తరగతే కావాలన్నాను. మెదడు పాఠం ఇంకా ఎవరూ చెప్పలేదు. నీకోసమే ఆపినాంలే అని పద్మావతి అంది.

ఖాజా భాయ్ డబ్బా బడికే తెచ్చి ఇచ్చాడు. మెట్లెక్కి గదిలోకి వెళ్ళేసరికి చొక్కా తడిసిన కూలీలా చెమటలు పట్టాయి. పిల్లలు లేచి నిలబడ్డారు. ఎడమ చేత్తో బోర్డు మీద బొమ్మ వేశాను. గీత వణికింది, మెదడు కాస్తా శనక్కాయలా వచ్చింది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. మస్తిష్కం అనే మాట రెండుసార్లు తప్పిపోయి మూడోసారి దొరికింది. ఎవరూ అందివ్వలేదు, దొరికేదాకా ఆగారు.

అట్లాగే నిలబడి రెండు పిడికిళ్ళూ చేర్చమన్నాను. నలభై జతల పిడికిళ్ళు లేచాయి. నావీ ఎత్తాను. ఎడమది గట్టిగా మూసుకుంది, ఆ గురువారం మూసుకున్నట్టే. కుడిది సగం మడిచి ఆగిపోయింది, బొటనవేలు బయటికి పొడుచుకుని ఉంది. పిల్లలందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. దాచలేదు. ఇంకాస్త పైకి ఎత్తి చూపించి, ఆ ఒక మార్కు ప్రశ్న అడిగాను. నా మెదడులో దెబ్బ తగిలింది ఏ పక్క?

"కుడి పక్క మేడం" అన్నారు అందరూ, నా చెయ్యి చూస్తూ.

తప్పు, అన్నాను. ఎడమ చెయ్యి ఎత్తి తలకు ఎడమ పక్కన, ఆరోజు కార్లో కొట్టుకున్న చోటే, వేలితో తట్టి చూపించాను. ఇక్కడ, అన్నాను. నలభై మందీ నా చెయ్యిని వదిలేసి నా తల వైపు చూశారు.

అందరికీ ఒక మార్కు పోయింది, కూచోండి అన్నాను. ఈసారి ఆ మాట దానంతటది రాలేదు, నేనే ఏరుకుని అన్నాను.